పొట్టుతో పోయిన గింజ

మా అమ్మమ్మది గుడివాడ దగ్గిర ఒక పల్లెటూరు. సాయంకాలం పూట ఆవిడ పెరట్లో పీట వేసుకుని బియ్యం చెరుగుతూంటే పక్కన కూచుని చూడడం చిన్నతనంలో నాకు పెద్ద కాలక్షేపం. చేట పైకి లేచేది, పొట్టు ముందుకి ఎగిరిపోయేది, గింజ మాత్రం బుద్ధిగా వెనక్కి చేరేది. అయితే పని అయిపోయాక ఆవిడ వెంటనే లేచేది కాదు. కింద పడ్డ పొట్టుని ఒకసారి వేళ్ళతో కెలికి చూసేది.

"పొట్టులో ఏం వెతుకుతున్నావే?" అని అడిగితే, "చేటకేం తెలుసురా! తేలిగ్గా ఉన్నదల్లా ఎగరేస్తుంది. సన్నగింజ కూడా తేలిగ్గానే ఉంటుంది," అనేది.

అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. చేటలు కూడా ఇప్పుడు శుభకార్యాలకి తప్ప అటక దిగడం లేదు. కాని ఆ మాట విలువ నాకు బందరులో, కంప్యూటరు ముందు, అర్ధరాత్రి దాటాక తెలిసివచ్చింది. తెలిసివచ్చేసరికి ఒక పెద్దమనిషి పంట పోయింది. ఆ సంగతే ఈ వారం మనవి చేసుకుంటాను.

మా ఆఫీసు బందరులో ఉంది. గుడివాడలో ఒక శాఖ, అవనిగడ్డలో ఒక శాఖ. రొయ్యల రైతులకి మేత సరఫరా చెయ్యడం, చెరువులో వదిలే పిల్లకి లాబులో పరీక్షలు చేయించి పెట్టడం మా వ్యాపారం. అందరికీ కలిపి నలభై మెయిలు చిరునామాలున్నాయి. ఆ ఉత్తరాలన్నీ వచ్చి చేరే యంత్రాన్ని మెయిలు సర్వరు అంటారు. దాన్ని కనిపెట్టుకుని ఉండడం నా ఉద్యోగం. మెయిలు సర్వరంటే ఏమిటో తెలియనివారు గుడివాడ జంక్షన్ని తలుచుకుంటే చాలు. బెజవాడ నించి వచ్చిన బళ్ళలో కొన్ని బందరు వైపు పోతాయి, కొన్ని భీమవరం వైపు పోతాయి. ఏది ఎటు పోవాలో అక్కడ తేలుతుంది. సర్వరు చేసేదీ అదే. కాకపోతే బళ్ళ బదులు ఉత్తరాలు.

ఆ ఉత్తరాల్లో మనం కోరనివాటిని స్పామ్ అంటారు. నిజానికది అమెరికాలో 1937 నించి అమ్ముతున్న ఒక డబ్బా మాంసం పేరు. 1970లో మాంటీ పైథాన్ అనే ఇంగ్లీషు హాస్యబృందం టెలివిజన్లో ఒక హోటలు ప్రహసనం ఆడింది. అందులో ఏ ఫలహారం అడిగినా స్పామ్ తగులుకునే వస్తుంది. అక్కడినించి, అడక్కుండా వచ్చిపడే ఉత్తరాలకి ఆ పేరు స్థిరపడింది. ఇలాంటి ఉత్తరం మొట్టమొదట రాసిన ఘనుడు గారీ థ్యూర్క్ అనే ఆయన. తమ కంపెనీ కొత్త కంప్యూటర్లు చూపిస్తాం రమ్మని 1978 మే 3న ఒకేసారి సుమారు నాలుగు వందల మందికి పంపించాడు. పాపం, పేరంటానికి పిలిచినట్టు పిలిచాడు. ఆ పేరంటం ఇంకా అవలేదు.

ఈ తాకిడి ఆపడానికి సర్వరుకి ఒక జల్లెడ పెడతారు. మా దగ్గిర ఉన్నదాని పేరు స్పామ్‌అసాసిన్. జస్టిన్ మేసన్ అనే ఆయన 2001లో తయారుచేసి లోకానికి ఉచితంగా వదిలాడు. దాని పద్ధతి మన బడి పరీక్షకి తలకిందులు. మార్కులు తక్కువ వచ్చినవాడే పాసు. ప్రతి ఉత్తరాన్నీ అది వందలకొద్దీ ప్రశ్నలు అడుగుతుంది. పంపినవాడు నిజంగా వాడేనా? విషయం అని రాసిన చోట అన్నీ పెద్దక్షరాలేనా? లోపల ఇచ్చిన లింకులు మోసగాళ్ళ చిరునామాలకి పోతున్నాయా? అనుమానం కలిగించే జవాబుకల్లా కొన్ని మార్కులు పడతాయి. మొత్తం అయిదుకి చేరిందా, ఉత్తరం చెత్తసంచిలోకి పోతుంది.

ఈ ప్రశ్నలు వేసే ముక్కల్లో చాలావాటిని ప్లగిన్లంటారు. మిక్సీకి పచ్చడి జారు వేరు, పొడి జారు వేరు ఉన్నట్టే ఇవీ. కావలసింది తగిలించుకోవచ్చు, అక్కర్లేనిది తీసి పక్కన పెట్టుకోవచ్చు. తగిలించినట్టు మరిచిపోతేనే చిక్కు.

ఇహ అసలు కథ. రెండేళ్ళ కిందట, ఎండలు ముదరకముందు, నాగాయలంక అవతలినించి ఒక రైతు ఫోను చేశారు. మా నాన్నగారికి స్నేహితులు. నేను బాబాయిగారూ అనే పిలుస్తాను.

"అబ్బాయ్, సీడు పరీక్ష చేయించాం గదా, ఆ రిపోర్టు మీకొచ్చిందా?"

"అవనిగడ్డ ఆఫీసులో అడగలేదా బాబాయిగారూ?"

"అప్పుడే అడిగా. ఏమీ రాలేదన్నారు. తేడా ఉంటే లాబు వాళ్ళు చెబుతారు గదా, చెప్పలేదంటే బాగున్నట్టే అన్నారు. నేనూ అట్టాగే అనుకుని పిల్లని వదిలేశా. వదిలి ముప్ఫయ్యారు రోజులైంది. ఇయ్యాళ పొద్దున చూస్తే రొయ్యంతా గట్టు వారకి వచ్చి చేరింది. పెంకు మీద తెల్ల మచ్చలు."

ఆ తెల్ల మచ్చల రోగం పేరు చెబితే రొయ్యలు పెంచేవాళ్ళ గుండె జారిపోతుంది. అది వైరస్ వల్ల వస్తుంది. మందు లేదు. వచ్చిన కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ అవుతుంది. అందుకే పిల్లని వదలకముందే పీసీఆర్ పరీక్ష చేయించి, వైరస్ లేదని తేలాకే చెరువులో వదలాలంటారు.

ఫోను పెట్టేసి చెత్తసంచి తెరిచాను. రిపోర్టు వచ్చింది. వచ్చి ముప్ఫయ్యెనిమిది రోజులైంది. ఒక లాటరీ బహుమతికీ ఒక బట్టతల మందుకీ మధ్య ఒద్దికగా కూచుని ఉంది. "వైరస్ ఉందండీ, ఈ సీడు వదలొద్దని చెప్పండి" అని లాబులో ఎవరో కుర్రవాడు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపాడు. పిల్లని వదలడానికి సరిగ్గా రెండు రోజుల ముందు.

రోగం సీడుతోనే వచ్చిందని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. పీతలతో రావచ్చు, పక్క చెరువు నీటితో రావచ్చు. కాని చెప్పవలసిన మాట చెప్పవలసిన వేళకి బయలుదేరిందనీ, అది చెరువు గట్టుకి చేరకుండా అడ్డుపడ్డది నేను కాపలా ఉన్న తలుపేననీ మాత్రం నిజం. సీడు, మేత, కరెంటు, కూలీ కలిపి ఆయనకి మూడు లక్షల పైచిలుకు పోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: "ఆ ఫిల్టరు తీసి అవతల పారెయ్యండి." నాకూ అదే సబబుగా తోచి తీసేశాను. పూట గడవలేదు. మధ్యాహ్నానికి గుడివాడ శాఖలో మంచి ఉత్తరం ఏదో చెడ్డది ఏదో తెలియనంత చెత్త పేరుకుంది. అందులో ఒకటి అచ్చం మా మేనేజరుగారు రాసినట్టే ఉంది. ఫలానా కొత్త ఖాతాకి వెంటనే సొమ్ము పంపమని. క్యాషియరుగారు జాగ్రత్తపరులు కాబట్టి ఫోను చేసి అడిగారు. లేకపోతే బాబాయిగారి నష్టానికి మరో సున్నా చేరేది.

దివిసీమవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మురుగు కాలవలు సముద్రం వైపు పోయి కలిసేచోట తలుపులుంటాయి. పోటు మీద ఉప్పునీరు పైకి ఎక్కకుండా అవి మూసుకోవాలి. పాటు మీద పొలాల నీరు దిగిపోయేలా తెరుచుకోవాలి. తెరుచుకుని ఉండిపోతే చేలు చవుడెక్కుతాయి. మూసుకుని ఉండిపోతే చేలు మునుగుతాయి. రెంటికీ మందు తలుపు పీకెయ్యడం కాదు, ఎక్కడ పట్టేసిందో చూడడం. అంచేత ఫిల్టరు మళ్ళీ పెట్టి, ఆ రాత్రి ఇంటి దగ్గిర తీరిగ్గా దాని ముందు కూచున్నాను.

ప్రతి ఉత్తరం నెత్తినా మామూలుగా మనకి కనిపించని కొన్ని వరసలుంటాయి. ఎక్కడినించి బయలుదేరింది, ఏ ఏ మజిలీలు దాటింది, ఎన్ని మార్కులు పడ్డాయి, దేనికి పడ్డాయి, అన్నీ అందులో ఉంటాయి. లాబు ఉత్తరం మార్కుల పట్టీలో మూడు పద్దులు కనిపించాయి. ఒకటి, కోరని భాషలో ఉన్నందుకు 2.8. రెండు, మాటల తీరు చెత్త ఉత్తరాల తీరులా ఉన్నందుకు 3.5. మూడోది యూఆర్ఐబీఎల్ బ్లాక్డ్ అని ఏదో నోటీసు; దానికి 0.001. మొత్తం 6.3 చిల్లర. మొదటి రెంటిలో ఏ ఒక్కటి పడినా ఉత్తరం బతికేది. రెండూ కలిసి దాన్ని ముంచాయి. మూడోదాన్ని నేను పట్టించుకోలేదు. వెయ్యింట ఒక వంతు మార్కు ఎవరు చూస్తారు? ఆ తప్పు తరవాత ఒప్పుకుంటాను.

మొదటి పద్దు వేసినది టెక్స్ట్‌క్యాట్ అనే ప్లగిన్. ఉత్తరం ఏ భాషలో ఉందో ఊహించడం దాని పని. మామూలుగా అది నిద్రలో ఉంటుంది, మనమే లేపాలి. లేపింది నేనే. ఆ సంక్రాంతి ముందు రష్యా అక్షరాలతోనూ చైనా అక్షరాలతోనూ ఉత్తరాలు వెల్లువలా వచ్చాయి. విసిగిపోయి ఈ ప్లగిన్ తగిలించి, మాకు కావలసిన భాష ఇంగ్లీషు అని రాశాను. తెలుగు కూడా చేరుద్దామని దాని భాషల పట్టీ చూశాను. మా దగ్గిరున్న ప్రతిలో తమిళం ఉంది, హిందీ, మరాఠీ, నేపాలీ ఉన్నాయి, సంస్కృతం కూడా ఉంది. తెలుగు లేదు. పోనీ, మా ఆఫీసు ఉత్తరాలు ఇంగ్లీషులోనే గదా అని సరిపెట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల వేషం కట్టుకుని తిరిగే తెలుగు సంగతి నాకు తట్టనే లేదు. ఇవాళ సగం ఆఫీసులూ ముప్పాతిక ఇళ్ళూ ఆ వేషంతోనే నడుస్తున్నాయి.

ఏ ఉత్తరాన్ని ఏ భాషనుకుంటున్నదో ఆ ప్లగిన్ చేతే నెత్తిన రాయించవచ్చు. ఆ ఏర్పాటు చేసి పాత ఉత్తరాలు కొన్ని మళ్ళీ దానికి చూపించాను. అక్షరాలు ఏ గుంపులుగా వస్తున్నాయో లెక్కపెట్టడం తప్ప దానికి భాష రాదు. లాబు ఉత్తరాన్ని చూసి తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ అంది. గుడివాడ గుమాస్తాగారు మేత బస్తాల గురించి రాసినదాన్ని చూసి ఇటాలియన్ అంది. అచ్చుతో ముగిసే మాటల తీపిదనం వల్ల పూర్వం పాశ్చాత్యులు తెలుగుని ప్రాచ్య ఇటాలియన్ అన్నారని గొప్పగా చెప్పుకుంటాం గదా. ఆ బిరుదు ఇన్నాళ్ళకి ఒక యంత్రం ఖరారు చేసింది. సంతోషించే స్థితిలో నేను లేను.

ఆ ప్లగిన్ తీసేశాను. తీసేశాక రాతలో తప్పులున్నాయేమో చూసే ఆజ్ఞ ఒకటుంటుంది. దాని వాడుక భలే చిత్రం. తప్పుంటే అరుస్తుంది, లేకపోతే కిక్కురుమనదు. అది పలకలేదు, నేను క్షేమమనుకున్నాను. చేత్తో ఉత్తరం తీసుకెళ్ళి పరీక్షిస్తే పాసవుతున్నది. అదే ఉత్తరం బయటినించి టపాలో వస్తే మళ్ళీ స్వాహిలీ అంటున్నది! గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాక వెలిగింది. టపా చూసే సేవకుడు పొద్దున లేచినప్పుడు చదువుకున్న పాఠమే ఇంకా వల్లిస్తున్నాడు. మధ్యలో పుస్తకం దిద్దితే వాడికెలా తెలుస్తుంది? వాణ్ణి ఒకసారి ఆపి మళ్ళీ లేపితే సరిపోయింది.

రెండో పద్దు దీనికంటే లోతైనది. థామస్ బేస్ అనే ఇంగ్లీషు మతగురువు సంభావ్యత లెక్కల మీద ఒక వ్యాసం రాసి దాచుకుని 1761లో కన్నుమూశాడు. స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ దాన్ని బయటపెడితే 1763లో అచ్చయింది. చెత్త ఉత్తరాలు ఏరడానికి ఆ లెక్క ఎంత బాగా ఉపయోగపడుతుందో 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామరు వివరించి రాశాక అది బాగా వాడుకలోకి వచ్చింది. కిటుకు మన వంటింటి అనుభవమే. ఒక మాట ఇదివరకు మంచి ఉత్తరాల్లో ఎన్నిసార్లు కనిపించింది, చెత్తలో ఎన్నిసార్లు కనిపించింది అని లెక్క పెట్టుకుని, కొత్త ఉత్తరంలో అలాంటి మాటలన్నీ కలిపి ఎటు మొగ్గుతున్నాయో చూడడం. అందుకని దానికి ముందు చదువు చెప్పాలి. మంచివి రెండు వందలు, చెడ్డవి రెండు వందలు చూపించేదాకా అది నోరు విప్పదు.

మా యంత్రానికి చదువు చెప్పిందెవరు? అవనిగడ్డలో ఉత్తరాలు చూసే అమ్మాయిని అడిగాను. కొంచెం కోపంగానే అడిగాను. ఆ అమ్మాయి మాత్రం నెమ్మదిగానే జవాబు చెప్పింది.

"మీరే గదండీ చెప్పారు, అక్కర్లేని ప్రతిదానికీ స్పామ్ బొత్తాం నొక్కమని. రోజుకి అరవై వస్తున్నాయండీ. మా హేచరీ సీడు కొనండి, మా వనామీ పిల్ల వైరస్ లేనిది, పీసీఆర్ చేయించాం అని. నొక్కుతూనే ఉన్నాను."

ఇంకేముంది! సీడు, వనామీ, హేచరీ, పీసీఆర్, వైరస్ అన్న మాటలన్నీ మా యంత్రం దృష్టిలో దొంగల జాబితాకి ఎక్కాయి. ఇతర ఊళ్ళలో ఆ మాటల జోలికి ఎవరూ పోరు. మా ఊళ్ళో మాత్రం అవే మా బతుకుతెరువు. అమ్మాయి తప్పేమీ లేదు. చెడ్డవి చూపించమని చెప్పాను గాని, మంచివి కూడా చూపించమని చెప్పలేదు. ఎప్పుడో మొదట్లో నేను చూపించిన మంచి ఉత్తరాలన్నీ బందరు ఆఫీసు జమాఖర్చులవి. వాటిలో రొయ్య ఊసే లేదు. పిల్లవాడికి తిట్లు మాత్రమే నేర్పి, మంచి మాటలు ఎందుకు రావని కొట్టినట్టుంది నా వరస.

మూడు ఆఫీసుల్లోనూ తిరిగి లాబు రిపోర్టులు, రైతుల ఉత్తరాలు, మేత బిల్లులు ఆరు వందల దాకా పోగుచేసి, ఒక రాత్రి కూచుని ఇవి మంచివని యంత్రానికి నేర్పాను. మర్నాడు చూస్తే ఒక్క అక్షరం ఎక్కలేదు! తరవాత తెలిసిందేమిటంటే, ఆ యంత్రంలో ఒక్కొక్క వాడుకదారుకి ఒక్కొక్క నోటుపుస్తకం ఉంటుంది. నేను యజమాని హోదాలో లోపలికి వెళ్ళి యజమాని పుస్తకంలో పాఠం రాయించాను. ఉత్తరాలు దిద్దేవాడు వేరే పేరుతో ఉన్నాడు. వాడి పుస్తకం వాడిదే. పెద్దవాడికి ప్రైవేటు చెప్పించి పరీక్షకి చిన్నవాణ్ణి పంపినట్టయింది. మళ్ళీ ఆ పేరుతోనే లోపలికి వెళ్ళి పాఠం మొదటినించీ చెప్పాను. ఈసారి లాబు రిపోర్టు ఒకటికి లోపు మార్కులతో దర్జాగా దాటింది.

ఇంతటితో అయిపోయిందనుకుని మా ఆవిడకి గొప్పగా చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "అయితే చెత్త తగ్గిందా?" అంది.

తగ్గలేదు. మంచివి లోపలికి వస్తున్నాయి గాని చెడ్డవీ వెంట వస్తున్నాయి.

"మరి సంక్రాంతి ముందు ఒక్కసారిగా ఎందుకు పెరిగాయి? అంతకుముందు ఏళ్ళ తరబడి లేనివి?" అంది మళ్ళీ. "పాలు విరిగితే పాలవాణ్ణి తిట్టేముందు గిన్నె చూసుకుంటాం. మీరు ఆ రోజుల్లో గిన్నె ఏమైనా మార్చారేమో చూసుకోండి."

మార్చాను! డిసెంబరులో ఇంటర్నెట్టు నత్తనడక నడుస్తున్నదని, సర్వరు చిరునామాలు అడిగి తెలుసుకునే చోటు, అంటే డీఎన్ఎస్ అంటారు, దాన్ని మార్చి లోకమంతా ఉచితంగా వాడుకునే ఒక పెద్ద డీఎన్ఎస్‌కి తగిలించాను. వేగం పెరిగింది. ఆ పని ఇంకేం చేసిందో అప్పుడు ఆలోచించలేదు. చెత్త పంపేవాళ్ళ చిరునామాల జాబితాలు తయారుచేసి ఉంచే సంస్థలు కొన్ని ఉన్నాయి. 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ ప్రారంభించిన స్పామ్‌హాస్ వాటిలో పేరున్నది. ప్రతి ఉత్తరానికీ మన ఫిల్టరు డీఎన్ఎస్ ద్వారానే ఆ జాబితాలని సంప్రదిస్తుంది: "ఈ చిరునామా దొంగదా?" అని. చిన్న సంస్థలు అడిగితే ఉచితంగా చెబుతారు. కాని అందరూ వాడే ఆ పెద్ద డీఎన్ఎస్ ద్వారా అడిగితే, అడుగుతున్నది ఎవరో వాళ్ళకి తెలియదు. లక్షల మంది ఒకే గొంతుతో అరిచినట్టుంటుంది. అందుకని జవాబు చెప్పరు. మా ఊరి పొలిమేరలో కాపలావాళ్ళందరూ డిసెంబరు నించీ నోరు మూసుకుని కూచున్నారన్నమాట.

ఆ సంగతి యంత్రం నాకు ప్రతిరోజూ చెబుతూనే ఉంది. మూడో పద్దు జ్ఞాపకం ఉందా? యూఆర్ఐబీఎల్ బ్లాక్డ్, 0.001. "నీ ప్రశ్నకి జవాబు నిరాకరించారు, అధికారి గమనించవలెను" అని దాని అర్థం. అది ఉత్తరం చేసిన నేరం కాదు గనక మార్కు నామమాత్రంగా వేశారు. అన్నిటికన్నా ముఖ్యమైన కబురు అన్నిటికన్నా చిన్న అంకె పక్కన ఉంది. నేను పెద్ద అంకెలే చూశాను.

సర్వరులోనే సొంతంగా చిరునామాలు కనుక్కునే చిన్న ప్రోగ్రాము ఒకటి, అన్‌బౌండ్ అని, పెట్టుకున్నాను. కాపలావాళ్ళు మాట్లాడడం మొదలుపెట్టారు. మర్నాటికి చెత్త సగానికి సగం తగ్గింది.

అప్పుడు గొలుసంతా కనిపించింది. నేను డీఎన్ఎస్ మార్చాను; కాపలా పోయింది. కాపలా పోయి చెత్త పెరిగింది. పెరిగిందని నేను భాషల ప్లగిన్ తగిలించాను, అవనిగడ్డ అమ్మాయి విసుగుతో బొత్తాం నొక్కింది. ఆ రెండు జల్లెడలూ కలిసి లాబు ఉత్తరాన్ని ఆపాయి. పాత జల్లెడ ఎక్కడ చిరిగిందో చూసుకోకుండా దాని మీద ఇంకో రెండు జల్లెడలు పరిచాను. చెత్త చిరుగులోంచి కారుతూనే ఉంది. గింజ కొత్త జల్లెడల్లో చిక్కుకుంది. వెతికేటప్పుడు కూడా ఒకేసారి నాలుగు మార్చకుండా, ఒకటి మార్చి, చూసి, రాసిపెట్టుకుని ఉంటే ఆ వారం రోజుల శ్రమ రెండు రోజుల్లో తేలేది. ఇప్పుడు బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంది. సర్వరులో ఏ మార్పు చేసినా తేదీ వేసి అందులో రాస్తున్నాను.

ఆఫీసులో మరి రెండు కట్టుబాట్లు చేసుకున్నాం. లాబులనించి వచ్చే ఉత్తరాలకి స్వాగతం పట్టీ పెట్టాం. 2022లో వచ్చిన 4.0 నించి స్పామ్‌అసాసిన్‌లో దాని పేరే అది. అయితే పేరు చూసి లోపలికి రానివ్వడం కాదు, పేర్లు ఎవరైనా పెట్టుకుంటారు. పూర్వం లక్కముద్ర చూసినట్టు, పంపిన చోటు నిజమైనదేనని సాక్ష్యం ఉంటేనే ఈ పట్టీ పనిచేసేలా పెట్టాం. రెండోది, చెత్తసంచిలో ఏమున్నదీ రోజూ సాయంత్రం ఒక మనిషి కళ్ళతో చూడడం.

ఇది చదివే ఇళ్ళలో సర్వర్లుండవు. కాని చెత్తసంచి ప్రతి ఇంట్లోనూ ఉంది, మెయిలు ఉన్న ప్రతి ఫోనులోనూ ఉంది. వారానికి ఒక్కసారి దాన్ని తెరిచి చూడండి. అబ్బాయి ఇంటర్వ్యూ పిలుపో, అమ్మాయి కాలేజీ సీటు కబురో అందులో ఉండవచ్చు. మంచిది కనిపిస్తే "ఇది స్పామ్ కాదు" అన్న బొత్తాం నొక్కండి. దానికి చదువు చెప్పడమంటే అదే. తెలియనివాళ్ళు పంపిన లింకులు మాత్రం ముట్టుకోకండి. పొట్టు కెలకాలి గాని నోట్లో వేసుకోకూడదు.

పని అంతా అయ్యాక చల్లపల్లి, మోపిదేవి మీదుగా బాబాయిగారింటికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎండగట్టిన చెరువు వైపు చూస్తూ కూచున్నారు. తరవాత నెమ్మదిగా అన్నారు:

"1977 ఉప్పెన నాటికి నాకు తొమ్మిదేళ్ళబ్బాయ్. నవంబరు 19. ఆ రోజు తరవాత మా నాయన ఒక అలవాటు చేశాడు మా ఇంట్లో. రేడియో ఏదన్నా చెప్పినా, చెప్పకపోయినా, ఒకసారి బయటికెళ్ళి సముద్రం కేసి చూసి రావాలి. చప్పుడు లేదంటే గాలి లేదని కాదురా అనేవాడు. ఇన్నేళ్ళూ ఆ పని మానలా. ఈ సీడు విషయంలోనే మానేశా. ఒక్క ఫోను నేను లాబుకి చేసుకోవచ్చు గదా. నువ్వొక్కడివే మోసుకోమాకు."

ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నారని తెలుసు. అయినా అందులో నాకు పాఠం దొరికింది. నా యంత్రం పలక్కపోతే క్షేమమని అర్థం. దాన్ని అలాగే కట్టారు. మనుషుల మధ్య అలా కట్టలేదు. రిపోర్టు రాకపోతే బాగున్నట్టు కాదు, రానట్టు. ఇప్పుడు మా మూడు ఆఫీసుల్లోనూ, అనుకున్న రోజుకి రిపోర్టు అందకపోతే మేమే లాబుకి ఫోను చేసి అడుగుతాం. అడిగి రైతుకి చెబుతాం. రైతు "విన్నాను" అంటేగాని ఆ పని అయిపోయినట్టు రాసుకోం.

మొన్న శనివారం సాయంత్రం చెత్తసంచి చూసే వంతు నాది. అమ్మమ్మలా ఓపిగ్గా కిందిదాకా కెలికాను. లాటరీల మధ్య ఒక శుభలేఖ దొరికింది. బాబాయిగారి రెండో అమ్మాయి పెళ్ళి. అంతా బొమ్మే, అక్షరాలు తక్కువ. అందుకని మార్కులు 5.2 పడ్డాయి. బయటికి తీసి, ఇది స్పామ్ కాదని బొత్తాం నొక్కాను.

తరవాత నాగాయలంకకి ఫోను చేసి, అందిందని చెప్పాను.